ట్యాంకర్‌కు ఒక ప్లగ్గు

ఎలక్ట్రిక్ లారీలకు చార్జింగ్ స్టేషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో ప్లాన్ గీయడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో పన్నెండో అంతస్తులో ఏసీ కింద కూర్చుని, జన్మలో ఎక్కని లారీల గురించి దిగులు పడుతుంటాను. అందుకు జీతం ఇస్తారు.

మణికొండలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి ఏళ్లయింది. మాకు నీళ్లు పోసే ట్యాంకర్ అతను ఈ మధ్య డీజిల్ బండి అమ్మేసి కరెంటు బండి కొన్నాడు. కొనేముందు నన్నే సలహా అడిగాడు. గేటు దగ్గర నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

బండి మంచిదే. మధ్యాహ్నానికి చార్జింగ్ అడుగంటేది, సాయంత్రం ట్రిప్పులు పోయేవి. అంత పెద్ద బండి దూరే స్టేషన్ చుట్టుపక్కల లేదు. నా ప్లాన్‌లో ఉంది.

"సార్, నీళ్లు దించి బువ్వ తినేదాంక మీ గేటు కాడ జర ప్లగ్ పెట్టుకుంట. మీటర్ గూడ నేనే పెట్టిస్త," అన్నాడు.

ఆదివారం సెల్లార్‌లో మీటింగ్. ఒకాయనకు మంటల భయం. ఇంకొకావిడకు ట్యాంకర్ అక్కడే కాపురం పెడుతుందని అనుమానం. ట్యాంకర్ అతను మోటారు గది పక్కన నిలబడి వింటున్నాడు. చివరికి ప్రెసిడెంట్ గారు నా వైపు తిరిగారు.

"మీరు ఆ లైన్లోనే ఉన్నారు కదండీ. మీరు సరే అంటే పెట్టేద్దాం."

మంచి ఎలక్ట్రీషియన్ ఒక్క పూటలో చేసే పని అని నాకు తెలుసు. రేపు ఏ కారణానికి లిఫ్టు ఆగినా అందరూ మా తలుపే కొడతారనీ తెలుసు.

"స్టడీ చేయించాలండీ," అన్నాను.

ఆఫీసులో ఆ మాట అంటే టీ, బిస్కెట్లు వస్తాయి. ఇక్కడ అందరూ గౌరవంగా తలలూపి కుర్చీలు మడిచారు.

అతను కూడా నమ్మాడు. కనిపించినప్పుడల్లా స్టడీ ఎక్కడిదాకా వచ్చిందని అడిగేవాడు. నేను వెనక మెట్ల దారి పట్టాను. ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో చెప్పాను.

మొన్న మెట్లు దిగేసరికి గేటు దగ్గర డీజిల్ వాసన. ఎదురుగా అతనే. కొత్త బండి ఏమైందని అడగక తప్పలేదు.

"అమ్మేసిన సార్. సాయంత్రం ట్రిప్పులు లేకపాయె, కిస్తీలు ఎల్లలే. ఇది కిరాయి బండి."

పైపు మా సంపులోకి దించి, నా మొహం చూసి, నన్నే ఓదార్చాడు.

"పెద్ద పని గద సార్, స్టడీ అంటే టైం పడతది. మీరు ఫికర్ చేయకుండ్రి."

అసలు ఏ స్టడీ లేదని చెబుదామని పక్కనే నిలబడ్డాను. సంపు నిండింది. అతను పైపు చుట్టుకుని, నాకు నమస్తే పెట్టి వెళ్లిపోయాడు.