ఇద్దరిదీ ఒకే గుట్ట

మా టైలరు షాపులో చేత్తో కాజాలు కుట్టే ఇద్దరూ తోడికోడళ్లు. పెద్దక్క, చిన్నక్క అని పిలిచేవాళ్లం. మరిది పోయాక చిన్నక్కని చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది పెద్దక్కే. ఒకే ఇల్లు, ఒకే బల్ల. కుట్టిన చొక్కాలు ఇద్దరి మధ్యా ఒకే గుట్టగా పడేవి.

ఎదురుగా ఇస్త్రీ చేసే నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. చిన్నక్కకి చూపు మందగించింది. సూదిలో దారం పెద్దక్కే ఎక్కించి ఇచ్చేది. కబుర్లలో పెట్టి, ఆవిడ ముందున్న చొక్కాలు మెల్లిగా తనవైపు లాక్కునేది. గుట్టలో ముప్పాతిక పెద్దక్క చేతిదే. ఆ మాట చిన్నక్కకి కూడా తెలియనిచ్చేది కాదు.

ఇంతలో ఓనరుగారి అల్లుడు దిగాడు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో కొలిస్తే షాపు బాగుపడుతుందట. కాజాల దగ్గరే ఆలస్యమవుతోందని, అక్కడ ఒకరిని తగ్గిస్తారని గుసగుసలు బయలుదేరాయి. పెద్దక్క నా ఇస్త్రీబల్ల దగ్గరికి వచ్చింది.

"గుట్ట చూస్తారు గానీ చేతుల్ని చూస్తారా?" అంది నాతో. "నేనే ఇంకాస్త గట్టిగా కుడతాను. గుట్ట పెద్దదైతే ఇద్దరమూ ఉంటాం."

నాకూ సబబుగానే తోచింది. మా తెలివి అంతవరకే.

అల్లుడు చెడ్డవాడేం కాదు. ఫోన్లో గడియారం పెట్టుకుని, "నేను లేననుకుని మామూలుగా చేసుకోండి" అన్నాడు. నెత్తిమీద నిలబడి లేననుకోమంటే ఎలా? నేనైతే ఒక కాలరు మాడ్చాను.

పెద్దక్క ఆ రోజు మంచినీళ్లకి కూడా లేవలేదు. వేలికి సూది దిగితే నోట్లో పెట్టుకుని, మళ్లీ కుట్టింది. పక్కనే చిన్నక్క దారం ఎక్కించుకోలేక సూదిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని తంటాలు పడుతోంది. అల్లుడు ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు. తల ఎత్తితే పెద్దక్కా చూసేదే. ఎత్తలేదు.

అతను కొలిచింది గుట్టని కాదు, ఒక్కొక్క మనిషిని.

మర్నాడు ఓనరు ఇద్దరినీ పిలిచి, ఎవరెన్ని కుట్టారో లెక్క చదివి, కాజాలకి పెద్దక్క ఒక్కతే చాలునన్నాడు. చిన్నక్క తలవంచుకుని బల్ల దగ్గరికి వచ్చేసింది. పెద్దక్క అక్కడే ఉండిపోయింది.

"అయ్యా, నిన్న మా చిన్నదాని కోసం అలా కుట్టాను. రోజూ నావల్ల కాదు. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

"అంటే ఇన్నేళ్లూ చేతనయ్యీ కుట్టలేదన్నమాట!" అని ఓనరు నవ్వాడు. "నువ్వు పోతే షాపు నడవద్దా తల్లీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఇస్త్రీవాడి కోపం ఎవరికి కావాలి?

పెద్దక్క తిరిగొచ్చేసరికి చిన్నక్క కత్తెర, దారపు ఉండలు సంచీలో వేసుకుంటోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నీకు సమంగానే కుడుతున్నాననుకున్నానక్కా ఇన్నాళ్లూ," అంది. "షాపంతా నా మీద జాలిపడుతోందని తెలీదు. నువ్వైనా ఒక్క మాట చెప్పకపోయావా?"



సాయంత్రం ఇద్దరూ అదే ఇంటికి బయలుదేరారు. వీధి మలుపులో దీపాలు లేని చోట రోజూ పెద్దక్క చెయ్యి పట్టుకునే చిన్నక్క, ఆ రోజు గోడ తడుముకుంటూ వెళ్లింది.