ఆ రోజు అమ్మేసిన కోళ్లు

మార్కెట్ వీధి చివర కోళ్ల దుకాణం నడిపే ఆమెను అందరూ తూకమక్క అనేవారు. భర్త పోయాక దుకాణం తన చేతికి తీసుకుని, తూకంలో తేడా రానివ్వకుండా నెట్టుకొచ్చిన మనిషి. ఆమె కాటా మీద కోడి ఊపిరి బిగబట్టినా పట్టేస్తుందని పక్క దుకాణాల వాళ్లు వేళాకోళం చేసేవారు.

దుకాణంలో జాలీ బోనులు ఒకదాని మీద ఒకటి ఉండేవి. వ్యానులో కొత్తగా వచ్చిన కోళ్లను, ముందురోజు మిగిలినవాటితో కలిపే వేసేది. పై బోనులోని రెట్ట కింది బోనులో పడేది. బోనులన్నీ ఖాళీ చేసి కడిగిన రోజంటూ లేదు. మార్కెట్లో ఎవరూ కడగరు, ఆమే ఎందుకు కడగాలి?

ఒక ఉదయం వ్యాను డ్రైవరు కోళ్లు దింపుతూ గొంతు తగ్గించాడు.

"అక్కా, ఫారంలో కోళ్లు టపటపా రాలిపోతున్నాయట. ఏదో రోగం. ఎవరితోనూ అనకు. వీటిని సాయంత్రంలోపు వదిలించుకో."

"మరి ఎందుకు తెచ్చావు?"

"నేను తేకపోతే ఇంకొకడు తెస్తాడు. అక్కడుంటే ఎలాగూ చస్తాయి."

అతను వెళ్లాక ఆమె బోనుల్లోకి తొంగిచూసింది. కొన్ని కోళ్లు మెడలు లోపలికి లాక్కుని మూలన కూర్చున్నాయి. ఒకదాని తురాయి నీలం రంగుకు తిరిగింది. షట్టరు దించేద్దామా అనుకుంది. బాగా ఉడికిస్తే రోగం ఏం మిగులుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. డీలాగా ఉన్నవాటిని ముందే కోసేసి, మిగిలినవి అమ్మడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి ఆమె చెల్లెలు వచ్చింది. ఊరి అంచున చెరువు పక్క వీధిలో ఉంటుంది. పెరట్లో కోళ్లు పెంచుకుంటుంది.

"అక్కా, కుక్కలు నా పెట్టల్లో రెండింటిని పట్టుకుపోయాయి. గుడ్లు పెట్టేవి ఓ రెండు ఇవ్వు."

తూకమక్క బోనులకు అడ్డంగా జరిగింది. "రేపు రాకూడదూ?"

"ఎదురుగా పెట్టుకుని రేపెందుకే?"

చుట్టూ కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. వద్దంటే ఎందుకో చెప్పాలి, చెబితే నలుగురూ వింటారు. అన్నిటికంటే హుషారుగా, కళ్లు మెరుస్తున్న రెండు పెట్టల్ని ఏరి, కాళ్లు కట్టి ఇచ్చింది. చెల్లెలు సంచిలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే చెల్లెలి పెరట్లో కోళ్లు చచ్చిపోవడం మొదలైంది. తరవాత పక్కింట్లో, ఎదురింట్లో. పరీక్షలో బర్డ్‌ఫ్లూ అని తేలింది. తెల్లని దుస్తులూ మాస్కులూ వేసుకున్నవాళ్లు వచ్చి, ఆ వీధిలో మిగిలిన కోళ్లనూ బాతులనూ చంపి, గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారు.

ఆ వీధిలోనే ఒక ముసలాయన బాతులు మేపుకుని బతికేవాడు. రోజూ వాటిని చెరువుకు తోలుకెళ్లేవాడు. చెరువు మీదికి వలస పక్షులు వస్తాయి కాబట్టి, రోగం ఆయన బాతులే తెచ్చాయని వీధి మొత్తం తేల్చేసింది. టీకొట్టతను ఆయన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. చెల్లెలు కూడా ఫోనులో ఆయన్ని తిట్టిపోసింది. తూకమక్క ఊఁ కొడుతూ వింది.

మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్లేసరికి పశువుల డాక్టరమ్మ అక్కడే ఉంది. వీధిలోవాళ్లు గుమిగూడారు.

"ఈమధ్య బయటినుంచి కోళ్లేమైనా తెచ్చారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా అక్క ఇచ్చిన రెండేనమ్మా. వాటికేం లేదు, నిక్షేపంలాంటి పెట్టలు. మా అక్క నాకు చెడ్డవి ఇస్తుందా?"

"అవే," అంది తూకమక్క. "ఫారంలో రోగమని నాకు ఆ పొద్దుటే తెలుసు. తెలిసే ఇచ్చాను. ఆ ముసలాయన బాతుల తప్పేం లేదు."

చెల్లెలు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పైకి బాగున్న కోడిలోనూ రోగం ఉండొచ్చని డాక్టరమ్మ చెప్పింది. వ్యాను ఇంకా ఎక్కడెక్కడికి వెళ్తుందని అడిగింది. తూకమక్క తెలిసిన ప్రతి దుకాణం చెప్పింది. సాయంత్రానికి వ్యాను ఆపారు, మార్కెట్ మూయించారు. అప్పటికే ఇంకో రెండు ఊళ్లకు రోగం పాకింది. "మా అందరి కడుపు కొట్టావు" అని పక్క దుకాణంవాడు మొహం మీదే అన్నాడు. డ్రైవరు ఫోను ఎత్తడం మానేశాడు.

ఆమె బాతులాయన దగ్గరికి వెళ్లింది. ఆయన ఖాళీ దొడ్డి ముందు కూర్చుని ఉన్నాడు.

"తప్పయిపోయింది బాబాయ్."

"నువ్వు అప్పుడే నోరు విప్పి ఉంటే నా బాతులు బతికేవమ్మా," అన్నాడాయన.

మార్కెట్ మళ్లీ తెరిచినప్పుడు, వారానికో రోజు బోనులన్నీ ఖాళీ చేసి కడగాలని కట్టడి పెట్టారు. ఆమె ఏ పూట ఖాళీ అయిన బోను ఆ పూటే కడుగుతుంది. అయినా ఏ కోడి కాస్త మెడ వాల్చినా ఆమె అమ్మకం ఆపి బోనులోకి తొంగిచూస్తుంది.

చెల్లెలు కొన్నాళ్లకు మాట కలిపింది. రాకపోకలూ మొదలయ్యాయి. కానీ అక్క ఏది పట్టుకెళ్లినా, పళ్లయినా సరే, ముందు అటూ ఇటూ తిప్పి చూసి గాని లోపల పెట్టదు. తూకమక్క ఆ చూడడం చూస్తూ కూర్చుంటుంది.