స్టాఫ్ రూములో రెండు క్యారియర్లు

మొన్న ఆదివారం మా బందరు అపార్ట్‌మెంటులో పై వాటా ఆయన ఒక కాగితం పట్టుకొచ్చారు. పక్క స్థలంలో మేడ కడుతున్న బెంగాలీ కూలీలు పొద్దున్నే ఆవనూనెలో చేపలు వేయిస్తున్నారని, ఆ వాసనకు ఇళ్లల్లో ఉండలేకపోతున్నామని, వాళ్ల పొయ్యిలు అక్కణ్ణుంచి తీయించాలని అందులో రాసుంది. మాది తరతరాలుగా నీచు ముట్టని ఇల్లు కనుక అందరికన్నా ముందు నా సంతకమే ఉండాలన్నట్టు కలం అందించారు. రేపు చూద్దామండీ అని పంపించేశాను.

తొంభైల్లో నేను గుడివాడ దగ్గర ఒక హైస్కూల్లో హిందీ టీచరుగా చేసేదాన్ని. వరి చేలు చేపల చెరువులుగా మారిపోతున్న ఆ రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. చేపపిల్లల్ని పెంచడంలో ఆరితేరిన పనివాళ్లని ఆసాములు బెంగాల్ నుంచి రప్పించుకునేవారు. అలా వచ్చిన ఒకాయన తన పద్నాలుగేళ్ల కూతుర్ని మా బడిలో ఎనిమిదో తరగతిలో చేర్పించాడు. ఆ పిల్లకి తెలుగు ముక్క రాదు, హిందీ అంతంత మాత్రం, నా హిందీయేమో పుస్తకాలది. అయినా బడి మొత్తంలో ఆ మాత్రం మాట్లాడగలిగేది నేనే కాబట్టి, పిల్ల బెంగపెట్టుకోకుండా చూసుకోండమ్మా అని హెడ్మాస్టరు గారు నాకు అప్పగించారు.

మొదటిరోజు మధ్యాహ్నం ఆ పిల్ల క్యారియరు మూత తీయగానే చుట్టూ ఉన్న ఆడపిల్లలు ముక్కులు మూసుకున్నారు. వాళ్లూ చేపలు తినేవాళ్లే, ఆ ఆవనూనె వాసనే కొత్త. నాకు ఒళ్లు మండి, వాళ్లని నాలుగు చీవాట్లు పెట్టి, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూముకి తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఇక రోజూ అంతే. నా పప్పూ పచ్చడీ వడ్డించేదాన్ని, ముఖం చిట్లించకుండా జాగ్రత్తపడేదాన్ని, కానీ తన గిన్నె తెరిచినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. అది పిల్ల కంటపడదనుకున్నాను. నెల తిరిగేసరికి ఉత్త అన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప తెచ్చుకోవడం మొదలెట్టింది. మన పద్ధతికి అలవాటు పడిపోయిందండీ అని హెడ్మాస్టరు గారికి గొప్పగా చెప్పాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దసరా సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. చెరువు గట్టు మీద వాళ్ల పాకకి వెళ్తే, మోకాలి లోతు నీళ్లలో వాళ్లమ్మతో కలిసి వల పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి దణ్ణం పెట్టింది గానీ గట్టెక్కి రాలేదు. బడిలో తనకి ఎవరూ లేరని ఏడుస్తోందనీ, ఇక పంపలేననీ తండ్రి తలవంచుకుని చెప్పాడు. నేనున్నానుగా అనబోయి ఆగిపోయాను.

మర్నాడు తరగతిలో ఆ పిల్ల పక్కన కూర్చునే అమ్మాయిని పిలిచి, కాస్త కలుపుకోకపోయారా అని నిష్ఠూరమాడాను. ఆ అమ్మాయి నేలచూపులు చూస్తూ అంది: "మేం ముక్కు మూసుకున్నది ఆ ఒక్కరోజేనండీ. మర్నాడు ఆ కూర రుచి చూద్దామనుకున్నాం. ఈలోగా మీరు తీసుకెళ్లిపోయారు."

ఆ పిల్ల మళ్లీ బడికి రానేలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లల మనసు కనిపెట్టడానికి కొన్ని బడుల్లో ప్రత్యేకంగా మనుషుల్ని పెడుతున్నారట, మంచిదే. మా రోజుల్లో మా దగ్గరున్నది జాలి ఒక్కటే, దాంతోనే నేను ఒక పిల్ల చదువు పోగొట్టాను. పై వాటా ఆయన తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇవాళ పొద్దున పక్క స్థలంలోంచి ఆ వాసన వచ్చినప్పుడు బాల్కనీ తలుపు తెరిచే ఉంచాను. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా, నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను.