బుట్ట ఎందుకు పెట్టిచ్చినంటే

మోకాలు ఆపరేషన్ అయినంక డాక్టరమ్మ ఒక్కటే మాట చెప్పింది. "మూడు నెలలు సైకిల్ ముట్టొద్దు. వాకర్ పట్టుకొని నడువు. తర్వాత చూద్దాం." నేను మూడు నెలలు అని విన్న. పక్కన నిలవడ్డ మా ఆయన అన్‌ఫిట్ అని అర్థం చేసుకున్నడు.

ఆయన తప్పు గాదు. ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల పని చేసిన మనిషి. బాయి దిగేటోనికి డాక్టర్ ముంగట రెండే మాటలుంటయి, ఫిట్, అన్‌ఫిట్. అన్‌ఫిట్ అయినోడు ఇగ మళ్ల డ్యూటీ ఎక్కడు, ఆ కొలువు ఇంట్లోళ్లకు వోతది. కరీంనగర్ దవాఖాన కెల్లి గోదావరిఖనికి వచ్చినం. ఇంటికొచ్చినంక చెప్పులు గూడ ఇడువకముందే, "అంగడికి పోయే నీ సైకిల్ డ్యూటీ ఇగ నేను చేస్త" అన్నడు.

"మూడు నెలలే గదా" అన్న.

"నువ్వు పండుకో" అన్నడు.

అట్ల నా కొలువు బతికుండంగనే నా మొగనికి వోయింది.

పొద్దుమూకి పటకారు తీసుకొని నా సైకిల్ ముంగటి బుట్ట ఊడగొట్టిండు. తన పాత మొగ సైకిల్‌కు కట్టుకున్నడు. ఏండ్ల సంది "బుట్ట సైకిలా, ఆడోళ్ల వేషం" అని ఎక్కిరిచ్చిన మనిషే. నా సైకిల్ గోడకు ఆనిచ్చి ఉన్నది, ముక్కుపుల్ల తీసిన మొఖం లెక్క. దాన్ని చూసుకుంట ఆయన, "ఇగ ఇది ఊకె జాగ ఆపుకుంటది, పాత ఇనుము కొనే కబాడోనికి ఇచ్చేద్దాం" అన్నడు.

"దాని మీద చెయ్యేసి చూడు, ఈ వాకర్ నీ నెత్తి మీద ఇరుగుతది" అన్న. వాకర్ కంటే ముందు నా మోకాలు ఇరిగేది గని, ఆయన పక్కకైతే జరిగిండు. కని కబాడి మాట మరిచిపోలే. వారానికొకసారి, వానొచ్చినప్పుడో చీపురు పట్టినప్పుడో, మళ్ల తీసేది. మూడు నెలలు గడిచేలోపల సైకిల్ ఉంటదా పోతదా అన్నదే నా ఫికర్. మోకాలు తర్వాత సంగతి.

కొత్త బిచ్చగాడు పొద్దెరుగడు అంటరు. మా ఆయన తెల్లారి ఆరున్నరకే తయారు. గోడ మీది క్యాలెండర్ల పెన్సిల్‌తోని రాసుకునుడు మొదలుపెట్టిండు, ఏడు పదికి ఎక్కిన, ఎనిమిది పదికి దిగిన. ఎవ్వలు అడిగిన్రు? ఎవ్వలు అడుగలే. మొదటి రోజు బెండకాయలు తెచ్చిండు, ఒక్కొక్కటి జానెడు. విరిస్తే విరుగలే, కత్తి పెడితే కత్తి జారింది.

"ఇవెక్కడియి?"

"గట్టియి చూసి ఏరిన."

బాయిల పైకప్పుకు ఆనిచ్చే దిమ్మెలు ఏరినట్టు ఏరుకొచ్చిండు. బుట్ట అడుగుల కొత్తిమీర, దాని మీద టమాటలు, టమాటల మీద రెండు కిలోల ఆలుగడ్డ. బరువు మీద ఉంటే తీసుకునుడు అల్కగ ఉంటదట. గా రోజు టమాట చారు కాసిన. వేరే మార్గం లేదు.

అంగట్ల కూరగాయలామె నాకు ఇరవై ఏండ్ల దోస్తు. ఆమె రోజు ఈయనను పట్టుకొని ఆడుకునేదట. "బావా, బుట్ట గుర్తువట్టి ఇస్తున్న, నీ మొఖం చూసి గాదు." "బావా, అక్కను ఎక్కడ దాచినవ్?" ఈయన ఇంటికొచ్చి నా మీద అలిగేది. నీకు గింత మంది ఎరుకున్నరని నాకెప్పుడు చెప్పలేదేంది అని. నేనేమో నా అంగడి, నా ముచ్చట్లు, నా బేరాలు అన్ని ఆయన నోటి కెల్లి వినుకుంట మంచం మీద కూసున్న. కడుపు మండింది. అవును, కుళ్లుకున్న. దాచుడెందుకు.

ఇగ ఆ సైకిల్ సంగతి చెప్పాలె. అందరు అది కూరగాయలకు కొన్నదనే అనుకున్నరు. మా ఆయన గూడ గట్లనే అనుకున్నడని నేననుకున్న.

అప్పటికి మా పెండ్లయి ఆరేండ్లు. కంపెనీ క్వార్టర్ల ఉన్నం. ఆయనది ఫస్ట్ షిఫ్టు. పొద్దుగాల ఏడింటికి సైరన్, పగటీలి మూడింటికి సైరన్, గవి మాకు గడియారాలు. గా రోజు పదింటికి మోగింది. పదింటి సైరన్ గడియారం గాదని గల్లీల చిన్న పిల్లలకు గూడ ఎరుకే. ఆడోళ్లందరు బయటికొచ్చిన్రు, ఉరికేటోళ్లు గేటు దిక్కు ఉరికిన్రు. నా ఒళ్లె బిడ్డ జరంతోని కాలిపోతున్నది. గడప మీద కూలవడ్డ. పది నుంచి ఐదు దాంక గాడనే కూసున్న. బండ వడ్డదని ఒకలు, నీళ్లొచ్చినయని ఒకలు, ఇద్దరని ఒకలు, ఎవ్వలకేం కాలేదని ఒకలు. మాట మాటకు సచ్చి బతికిన.

ఐదింటికి ఆయన వచ్చిండు. మొఖం నిండ బొగ్గు. ఒకాయన కాలు ఇరిగిందట. ఈయన పదకొండింటికే మీదికొచ్చి గాయన ఎంబడి దవాఖానకు పోయిండట. "అన్నం పెట్టు" అన్నడు. పెట్టిన. "పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నడు. గా గిన్నె ఆయన నెత్తి మీద బోర్లియ్యకపోవుడు నేను జీవితంల చేసిన పెద్ద పుణ్యం. పొద్దంత నువ్వేం చేసినవ్ అని ఆయన అడుగలే, నేను చెప్పలే.

తెల్లారి సైకిల్ కావాలన్న.

"ఎందుకు?"

"కూరగాయలకు."

క్వార్టర్ కాడి కెల్లి బాయి గేటు నడిస్తే గంటంబావు, సైకిల్ మీద ఇరవై నిమిషాలు. గది నేను చెప్పలే. కూరగాయలకన్న మాటకు సాక్ష్యం ఉండాలె గదా, గందుకే ముంగట బుట్ట పెట్టిచ్చిన.

గ్రౌండుల తొక్కుడు నేర్చుకున్న. చీరె చెయిన్ల వడి రెండుసార్లు చినిగింది. ఎదురింటి అవ్వ అరుగు మీద కూసోని, "ఏమే, గాలిమోటర్ ఎప్పుడు తోలుతవే?" అనేది. నెల తిరుగకముందే గదే అవ్వ, "బిడ్డా, వచ్చేటప్పుడు నా నొప్పుల గోలీలు తేవే" అన్నది. తర్వాత గల్లీ అంతా గంతే. మొగోళ్లు షిఫ్టుల ఉంటే గిర్ని పిండి, పిల్లల మందు, దవాఖానల ఉన్నోళ్లకు సద్ది, అన్ని నా బుట్టలనే పోయినయి. అడుగు తుప్పు వట్టి ఊడితే మా ఆయన బాయిల బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ముక్క కోసి ఏసిండు, బ్లాస్టింగ్ వైరు చుట్టి గట్టిగ కట్టిండు. ఖనిల ఏ ఇంట్ల చూసినా గా బెల్టు ముక్క ఒకటి ఉంటది. ఎట్లొచ్చిందని అడుగుడు మర్యాద గాదు.

సైరన్ వేళ తప్పి మోగిన రోజు మాత్రం ఎవ్వల పని చెయ్యకపోయేది. ఖాళీ సంచి బుట్టల ఏసుకొని సీద గేటు కాడికి తొక్కేది. ఆయన మీదికొచ్చి నన్ను చూసేది.

"ఏందే, ఇటొచ్చినవ్?"

"పుంటికూరకు."

"ఈడ దొరుకుతదా?"

"అప్పుడప్పుడు."

బాయి గేటు కాడ దొరికేది బొగ్గు దుమ్ము ఒక్కటే. ఆయన "ఊఁ" అనేది. ఆ ఊఁ తోని ముచ్చట ఒడిసేది. రిటైరయ్యేదాంక ఎన్నిసార్లు పోయిననో లెక్క లేదు, ఒక్కసారన్నా పుంటికూర దొరుకలే.

రిటైరైనంక కట్టుకున్న ఇల్లు బాయి గేటుకు పది నిమిషాల నడక. పని చేసినన్ని రోజులు దూరముంటిమి, పనైపోయినంక దగ్గరికొచ్చినం. మా తెలివి గట్లుంటది.

ఆపరేషన్ అయి రెండు నెలలు దాటినంక ఒకరోజు క్యాలెండర్ల ఏడు పదికి ఎక్కిన అని ఉన్నది, దిగుడు లేదు. ఎనిమిది పది అయింది. తొమ్మిదైంది. ఫోన్ చేస్తే అల్మారల మోగింది. మతిమరుపు మనిషి, ఇంట్లనే పెట్టి పోయిండు. తొమ్మిదిన్నర. గడప మీద కూసున్న. కూసున్నంక సమజైంది, గదే కూసునుడు. ఇల్లు వేరు, గడప వేరు, వయసు వేరు, బుగులు మాత్రం గదే. సైరన్ లేదు, బండ లేదు, మనిషి బెండకాయలకు వోయిండు, గంతే. తిట్టుకున్న. నీ బొంద, నీ బెండకాయల బొంద. తిట్టినా పోలే. ఏడుపొచ్చింది.

లేసిన. మా గల్లీల కంకర పోసి వదిలేసిన్రు, వాకర్ రెండడుగులకే కూలవడ్డది. గోడకున్న సైకిల్ తీసిన. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద, బరువంతా దాని మీద ఏసి నూకుకుంట నడిచిన. వాకర్ కంటే మస్తు నయం. సైకిల్ ముట్టొద్దన్న మాట యాదికున్నది. ఎక్కకపోతే ఏమైతది అనుకున్న. అంగడి దిక్కు వోలే. ఖనిల రిటైరైన మొగోడు కనవడకపోతే ఎక్కడుంటడో అందరికి ఎరుకే, బాయి గేటు ముంగటి చాయ్ హోటల్. పది నిమిషాల తొవ్వ నలభై నిమిషాలైంది. మధ్యల రెండుసార్లు ఆగి సీటు మీద తల పెట్టుకున్న.

గాడనే ఉన్నడు. బల్ల మీద తనసొంటి నలుగురిని కూసోవెట్టుకొని బెండకాయ ఎట్ల ఏరాలెనో చెప్తున్నడు. "కొన విరిచి చూడాలె. పటుక్కుమంటే లేత." ఈ ఇద్య నేర్పిచ్చింది ఎవ్వలో చెప్తలేడు.

నన్ను చూసిండు. చాయ్ గిలాస నోటి కాడనే ఆగింది.

"ఏందే, ఇటొచ్చినవ్?"

ఆయన్ను తిట్టనీకి దారిపొంటి మస్తు మాటలు కూడవెట్టుకొచ్చిన. కని నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పుంటికూరకు."

ఆ నలుగురు అటిటు చూసిన్రు. ఈయన నవ్వలే. గిలాస కింద పెట్టిండు, లేసిండు, తన సైకిల్ స్టాండ్ తీసిండు. ఇద్దరం రెండు సైకిళ్లు నూకుకుంట నడిచినం. గల్లీ మలుపు దాంక వచ్చినం.

అప్పుడన్నడు, "గా గేటు కాడ ముప్పై ఏండ్ల సంది ఎవ్వలన్నా ఒక్క కట్ట అమ్మిన్రా? నాకు తెల్వదా?"

నా కాలు ఆగింది. "తెలిస్తే మరి ఎందుకు అడుగలే?"

"అడిగితే సిగ్గువడి రాకపోదువు." రోడ్డు దిక్కే చూసుకుంట చెప్పిండు. "బాయి మీదికెక్కంగనే ఫస్టు బుట్ట ఉన్నదా అని చూసేది. బుట్ట కనవడ్డదంటే ఇగ ఇంటికొచ్చినట్టే."

గా పప్పుల ఉప్పు ముచ్చటకు ఇన్నేండ్ల సంది దాచుకున్న కోపం గాడనే రోడ్డు మీద పోయింది. ఆయనకు చెప్పలే. అంత జల్ది మాఫ్ చేసినట్టు తెలిస్తే మొగోళ్లు నెత్తికెక్కుతరు.

ఇంటికొచ్చినంక వాకిట్ల కూసోని బ్లాస్టింగ్ వైరు ఇప్పిండు, బుట్ట తీసి నా సైకిల్‌కు కట్టిండు. రెండు చుట్లు ఎక్కువనే చుట్టిండు. కబాడి మాట మళ్ల తియ్యలే. నెలకు డాక్టరమ్మ చూసి మెల్లగ తొక్కొచ్చన్నది. ఖనిల అన్‌ఫిట్ అయి మళ్ల డ్యూటీ ఎక్కిన మనిషిని నన్నొక్కదాన్నే చూసిన.

మొదటి రోజు నిమ్మళంగ పోయిన. కూరగాయలామె లేసొచ్చి రెండు చేతులు పట్టుకున్నది. మూడు నెలల ముచ్చట్లున్నయి, అన్ని ఒడిసేదాంక కదులలే. వచ్చేటప్పటికి పదైంది. మా గల్లీ మలుపుల, ఎండల, బనీను మీద, ఒక చెప్పు నాది ఒక చెప్పు ఆయనది ఏసుకొని మా ఆయన నిలవడ్డడు.

బ్రేకేసిన. "ఏందయ్యా, ఇటొచ్చినవ్?"

ఆయన నన్ను చూసిండు, బుట్టను చూసిండు, గొంతు సవరిచ్చుకున్నడు.

"పుంటికూరకు" అన్నడు.

బుట్టల రెండు కట్టలున్నయి. ఒకటి తీసి చేతుల పెట్టిన.