మూఢంలో వచ్చిన ఉత్తరం

మొన్న మా చెల్లెలి మనవరాలు ఫోను చూస్తూ చూస్తూ, ఏదో సాంకేతిక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ అయినవాళ్లు పోస్ట్‌డాక్ పరిశోధకులుగా కావాలట అమ్మమ్మా, ఆఖరి తేదీ రేపే, అని అక్కడే సోఫాలో కూర్చుని దరఖాస్తు పంపేసి కాఫీ అడిగింది. కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లినదాన్ని స్టవ్ వెలిగించకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయాను. రిజిస్టరు ఉత్తరం వస్తే వీధంతా తొంగిచూసిన కాలం మాది. ఎందుకలా నిలబడిపోయానో చెబితే మీకు అర్థమవుతుంది.

మాది తణుకు పక్క పల్లె. చెరకు పిప్పి కాల్చగా మిగిలే బూడిదను సిమెంటులో కలిపితే గోడ ఎంత గట్టిగా నిలుస్తుందన్నది నా పీహెచ్‌డీ. ఆ బూడిదను గోనెసంచుల్లో నింపి, సైకిలు మీద తెచ్చి, బస్సు పైకెక్కించింది నాన్నే. ఆడపిల్లకి ఈ బూడిద చదువేంటండీ అని నవ్వినవాళ్లతో పోట్లాడిందీ ఆయనే. పట్టా చేతికొచ్చాక, అదే పని మరో రెండేళ్లు సాగించే అవకాశం కోసం ఉత్తరాదిన ఒక సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాశాను. అక్కడున్న యంత్రాల పేర్లు చదువుకుంటేనే నాకు కడుపు నిండిపోయేది.

జవాబు వచ్చేసరికి నేను పెద్దాపురంలో అక్క పురుడికి సాయంగా ఉన్నాను. సంతకం పెట్టి అందుకున్నది నాన్న. ఇంగ్లీషు రాకపోయినా కవరు మీది ముద్ర చూసి అది శుభవార్తేనని ఆయనే నిశ్చయించుకున్నారు. అప్పుడేమో గురుమూఢం, ఏ శుభకార్యమూ తలపెట్టని రోజులు. మూఢంలో పిల్లలకు చెవులు కుట్టించడానికే ఒప్పుకోని మనిషి, కూతురికొచ్చిన అంతటి ఉత్తరాన్ని విప్పనిస్తారా? దేవుడి గదిలో గూట్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా, రోజూ దానికి కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నారు.

మూఢం వెళ్లగానే నన్ను పిలిపించి, తలంటు పోయించి, కొత్త చీర కట్టించి, తూర్పు ముఖంగా కూర్చోబెట్టి ఆ కవరు చేతిలో పెట్టారు. విప్పి చదివితే, విశ్వవిద్యాలయం వాళ్లు నాకు చోటు ఇచ్చారు. వస్తానని తెలపవలసిన గడువు దాటి అప్పటికి పద్దెనిమిది రోజులు. తలెత్తితే ఎదురుగా నాన్న, కాజాల పొట్లం విప్పి పట్టుకుని నిలబడ్డారు. చోటు రాలేదు నాన్నా అన్నాను.

చాటుగా టెలిగ్రాం ఇస్తే, ఆ చోటు మరొకరికి ఇచ్చేశామని జవాబు వచ్చింది. తర్వాత రెండుసార్లు రాశాను గానీ పిలుపు రాలేదు. కోపం రాలేదని అబద్ధం చెప్పను, చెడ్డ కోపం వచ్చింది; నెలరోజులు దేవుడి గది గుమ్మం తొక్కలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేశాను. నాన్న మాత్రం కనబడ్డవాళ్లందరితోనూ మా అమ్మాయి విలువ వాళ్లకి తెలియలేదండీ అని చెప్పుకునేవారు, నేను పక్కన తలూపేదాన్ని.

ఆఖరి రోజుల్లో మంచం దగ్గర కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "తొందరపడ్డానమ్మా. మూఢం వెళ్లిందని చూశాను గానీ ఆ రోజు నక్షత్రం చూడలేదు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఇచ్చుంటే నీకు వచ్చుండేది" అని ఏడ్చారు. నిజం గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

ఇప్పుడు ఉత్తరాలు ఎవరి చేతుల్లోనూ ఆగవు. మంచిదే, పిల్లలకు అలాగే జరగాలి. కానీ నాకు రాబోయే మంచి కోసం నెలరోజులు నోరు కట్టుకుని దణ్ణాలు పెట్టే మనిషి ఇక లేరు. ఆయన్ని ఎప్పుడో క్షమించేశాను. ఆ మాట చెప్పాలంటే ముందు ఆయన చేసిన తప్పేమిటో చెప్పాలి, అందుకని చెప్పకుండానే పంపించేశాను.