ఏడో పుస్తకం

మా పక్కింటి మేస్త్రీ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, టీ కూడా తాగకుండా అలమర తెరిచేవాడు. వరసగా నిలబెట్టిన బొమ్మ ట్రాక్టర్ల చక్రాలను వేలికొనతో ఒక్కొక్కటే కాస్త తిప్పేవాడు. ఒకేచోట బరువు ఆనితే రబ్బరు అణిగిపోతుందట. "మనకీ అంతే కదా మాస్టారూ, పక్క మార్చకపోతే నడుం పట్టేస్తుంది" అని నవ్వేవాడు.

ముప్పై ఏళ్లు అసలు ట్రాక్టర్లు బాగుచేసిన చేతులవి. కొట్లో కొన్న బొమ్మను విప్పి, ఇరుసు కోసి, చక్రాలు మార్చి, ఎవరు అడిగితే వాళ్ల బండిలా తయారుచేసేవాడు. రేకు మీద సొట్ట, ఒంటికన్ను లైటు, సీటు మీద చిరిగిన దుప్పటి ముక్క, అన్నీ ఉండాల్సిందే. అసలు బండిలో బరువు ఎక్కడెక్కడ ఉంటుందో బొమ్మలోనూ అక్కడే సీసం పోసేవాడు. చివర్లో అది ఎంత వాలుకు దొర్లుతుందో చూడ్డానికి చెక్క మీద అడ్డంగా నిలబెట్టి, చెక్క ఒక అంచు కింద నేనిచ్చిన పాత నోటు పుస్తకాలు ఒక్కొక్కటే దోపేవాడు. మంచి బండి పదకొండో పుస్తకం దాకా పడేది కాదు. సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే వదిలేవాడు.

మొదటిసారి అందులో మనిషిని కూర్చోబెట్టింది అల్లుడి కోసం. దారిలో ఎవరి మూట కనబడినా అడక్కుండానే ట్రాలీలో వేసుకునే మంచివాడు ఆ అల్లుడు. ఇరుకు సాళ్లలో పైరు నలగకుండా తిరగాలని తన చిన్న ట్రాక్టరుకు ఎత్తయిన సన్న చక్రాలు వేయించి, వాటిని దగ్గరకు జరిపించాడు. ఇప్పుడు దానితోనే కాలువ గట్టు వాలు మీద గడ్డి కోసే పని ఒప్పుకున్నాడు.

మేస్త్రీ ఆ బండికీ బొమ్మ చేశాడు. కానీ వారం రోజులుగా దాని చక్రాలు తిప్పడం లేదు. దాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోయేది. మొన్న తాడుకు రాయి కట్టుకుని వెళ్లి గట్టు వాలు కొలిచి వచ్చాడు. పుస్తకాల లెక్కలో ఆ వాలు ఏడు.

నిన్న సాయంత్రం అల్లుడు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కూతురు టీ తెచ్చింది.

"ఏంటి మామయ్యా, సీట్లో ఉన్న నా బొమ్మకి నా పొట్ట పెట్టలేదేం?"

"పొట్ట పెడితే ఇంకా ముందే పడతావయ్యా. ఇలా చూడు."

మేస్త్రీ చెక్క అంచు కింద పుస్తకాలు దోపుతూ పోయాడు. నాలుగు. ఐదు. ఆరో పుస్తకానికి పై వైపు చక్రం చెక్కను వదిలి లేచింది. ఏడోది దోపగానే బండి దొర్లింది. నీలం చొక్కా బొమ్మ మనిషి దాని కిందకు పోయాడు. నేను మనసులోనే దేవుణ్ని తలుచుకున్నాను.

అల్లుడు నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. "నున్నటి చెక్క కదా, జారింది. గట్టు మీద మట్టికి పట్టుంటుంది."

"జారలేదయ్యా. దొర్లింది. చక్రాలు ఎడంగా పెట్టించు."

"పెట్టిస్తే మళ్లీ సాళ్లలో పట్టదు. అయినా రేపు పొద్దున్నే వస్తానని మాటిచ్చేశాను. మీరు మరీనూ, బొమ్మను చూసి భయపడతారా ఎవరైనా!"

బయట చినుకులు మొదలయ్యాయి. మేస్త్రీ రేకుల మీద చప్పుడు విన్నాడు. తర్వాత బండిని లేపి, తన బరువు లెక్కకట్టి చిటికెన వేలి గోరంత సీసం ముద్దను పై వైపు మడ్‌గార్డు మీద అంటించాడు. మళ్లీ పుస్తకాలు దోపాడు. ఏడోదానికి బండి వణికింది, పడలేదు.

దానివైపే చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు:

"బాబూ, ఒక్క సాయం చేసిపెట్టు. రేపు నన్నూ తీసుకెళ్లు. పై వైపు మడ్‌గార్డు మీద కూర్చుంటాను. ఒక్క మాట కూడా మాట్లాడను."