సొక్కి సెలవిస్తేనే ప్రయాణం

మా మేనమామ హ్యాల్మార్ తన పొట్టేలును అడగందే గడప దాటేవాడు కాదు. దాని పేరు సొక్కి. రోజూ కొట్టం తలుపు తెరిచి పక్కకు జరిగేవాడు. సొక్కి బయటికొచ్చి, గాలి వాసన చూసి, ముందుకు నడిస్తే ప్రయాణం. వెనుదిరిగి గడ్డి దగ్గరికి పోతే, ఇక దేవుడొచ్చి పిలిచినా మామయ్య కదిలేవాడు కాదు.

సొక్కిది దారి నడిపే గొర్రెల జాతి. మా ఐస్‌లాండ్ సొత్తే అయినా మా ఉత్తరాదిన కూడా అరుదు. సన్నటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు, ఎప్పుడూ నిక్కించిన తల, ఎదుటివాడి అబద్ధాన్ని పసిగట్టే ప్లీడరు చూపు. కొండల్లో మంద చిక్కుకుంటే కన్ను కానని మంచులోనూ దారి పట్టి ఇంటికి తెస్తుంది. తుఫాను రాకను రేడియో కన్నా ముందే చెబుతుంది. ఒంటిమీద మాంసం మాత్రం ఉండదు.

"కూరకు చాలదు, ఉన్నీ అంతంతే. మేతలో మాత్రం ఆవుతో పోటీ!" అనేది సోల్వెయిగ్ అత్తయ్య.

"తెలివైనవాళ్ళకు కండ పట్టదే," అనేవాడు మామయ్య.

"మరి మీకు ఇంత పొట్ట ఎలా వచ్చింది?"

అత్తయ్య కోపానికి కారణం ఉంది. వాళ్ళ పెళ్ళినాడు సొక్కి ముత్తవ్వ కొట్టంలోంచి రానంది. పెళ్ళికొడుకూ రానన్నాడు. అత్తయ్య పెళ్ళిబట్టల్లోనే గుర్రమెక్కి వచ్చి, "నన్ను చేసుకుంటారా, గొర్రెని చేసుకుంటారా?" అని నిలదీసిందట. మామయ్య కాసేపు ఆలోచించాడట. ఆవిడ లోపలికి అడుగు పెట్టిందో లేదో తుఫాను విరుచుకుపడింది; పాదిరిగారు చర్చిలోనే ఇరుక్కుపోయారు. గొర్రెనైతే అత్తయ్య క్షమించింది గానీ, ఆ ఆలోచించడాన్ని జన్మలో క్షమించలేదు.

పైకి నవ్వినవాళ్ళు కూడా ప్రయాణానికి ముందు చాటుగా ఫోన్ చేసేవారు: "హ్యాల్మార్, సొక్కి ఏమంటున్నాడు?"

ఒక చలికాలం చివర మా అమ్మ పోయింది. అంత్యక్రియలయ్యాక మామయ్య నన్ను తన ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మ జబ్బు పడ్డప్పుడే మా గొర్రెలు ఆయన కొట్టానికి చేరాయి. కొండ అవతల మా ఇంట్లో ఇక చల్లారిన పొయ్యి తప్ప ఏమీ లేదు. ఒక్కదాన్నే ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే భయం. ఆ భయం బయటపడకూడదని రోజూ సంచి సర్దేదాన్ని.

"మామయ్యా, ఇవాళ వెళ్తాను."

ఆయన కొట్టానికి వెళ్ళొచ్చి తల అడ్డంగా ఊపేవాడు. "వాడు ఒప్పుకోవడం లేదమ్మాయ్. పెద్ద తుఫానే."

ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తుండేది. అయినా సొక్కి మాటకు తిరుగుండదు కదా! లోలోపల ఊపిరి పీల్చుకుని సంచి విప్పేదాన్ని. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఇంకా రాలేదేం మామయ్యా, ఆ తుఫాను?"

"పెద్దది కదా, నెమ్మదిగా వస్తుంది."

ఒక ఉదయం ఆయనకు కాఫీ తీసుకుని కొట్టం వైపు వెళ్ళాను. సొక్కి అప్పటికే బయట ఎండలో గంతులేస్తోంది. మామయ్య దాని కొమ్ములు పట్టుకుని, మంచులో బూట్లు జారుతుంటే, లోపలికి ఈడుస్తున్నాడు.

"ఒరేయ్, నా పరువు తీయకురా! ఎన్నడైనా నీ మాట కాదన్నానా? ఈసారికి నా మాట విను. మా చెల్లెలి కూతురురా! నిన్ననే మొదటిసారి గిన్నె ఖాళీ చేసింది."

జేబులోంచి రొట్టెముక్క తీసి లంచం పెట్టాడు. సొక్కి అది తినేసి, మళ్ళీ ఎండలోకే నడిచింది.

నేను చప్పుడు కాకుండా తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి మామయ్య ఆయాసపడుతూ, గడ్డం నిండా గడ్డిపరకలతో వచ్చాడు.

"ఏమన్నాడు మామయ్యా?"

"అమ్మో! ఇంత ఘోరమైన రోజు నా జన్మలో చూడలేదు."

కిటికీలోంచి ఎండ తిన్నగా వచ్చి ఆయన ముఖం మీదే పడింది. అత్తయ్య గబుక్కున లేచి తెర లాగేసింది.

"అప్పుడే చలిగాలి మొదలైంది," అంటూ నా గిన్నెలో ఇంకో గరిటెడు జావ పోసింది.